ఊళ్లు ఖాళీ చేయించే శాస్త్రం

1985 అక్టోబరు 7న కొలంబియాలో ఒక పటం బయటికొచ్చింది. నెవాడో డెల్ రూయిజ్ అనే అగ్నిపర్వతం బద్దలైతే ఏ లోయల్లోకి బురద దిగుతుందో శాస్త్రవేత్తలు అందులో గీసి చూపించారు. ఆర్మెరో అనే పట్నం సరిగ్గా ఆ బురద దారిలోనే ఉంది. ఆరు వారాలు కూడా గడవలేదు. నవంబరు 13 రాత్రి తొమ్మిది దాటాక కొండ పేలింది. అంత పెద్ద పేలుడేమీ కాదు. కానీ శిఖరం మీది మంచు కరిగి, బూడిదను, బండలను కలుపుకుని లోయల వెంట దిగింది. 70 కిలోమీటర్లకు పైగా ప్రవహించి పదకొండున్నర ప్రాంతంలో ఆర్మెరోను ముంచేసింది. తెల్లారేసరికి 23 వేల మంది దాకా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆర్మెరో వాళ్లే.

అంటే, కొండ పేలాక రెండు గంటలకు పైగా సమయం ఉంది. నడిచి చేరుకోగల దూరంలో మెరక ఉంది. పటం ఉంది. 1845లో కూడా ఆ లోయలో ఇలాంటి బురదే వచ్చి వెయ్యి మంది దాకా పోయారు. ఆ బురద ఆరి గట్టిపడిన నేల మీదే తర్వాత ఊరు వెలిసింది. ఇన్ని తెలిసి కూడా, ఆ మధ్యాహ్నం బూడిద రాలుతుంటే, కంగారు పడొద్దని, ఇళ్లలోనే ఉండమని జనానికి చెప్పారు.

తెలుగువాళ్లకు ఇది కొత్త బాధ కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కలే పది వేల మంది దాకా చనిపోయారని చెప్పాయి. తుఫాను వస్తోందని వాతావరణ శాఖకు తెలుసు. గుడిసెలో పడుకున్న మనిషికి, సముద్రం ఇంటిమీదికి వస్తుందన్న సంగతి తెలియలేదు. 1990 మేలో అంత పెద్ద తుఫానే మళ్లీ మన తీరానికి వచ్చింది. ఈసారి ముందుగానే ఊళ్లు ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ఈ పదమూడేళ్లలో తుఫాను మారలేదు. కబురు చేరే దారి మారింది.

అగ్నిపర్వతాల విషయంలో ఆ దారి వేసినవాళ్లలో నేను ముందుగా చెప్పుకునే పేరు క్రిస్ న్యూహాల్. అమెరికన్. యువకుడిగా పీస్ కోర్ వలంటీరుగా ఫిలిప్పీన్స్ వెళ్లాడు. లూజాన్ దీవి ఆగ్నేయ కొసన అల్బాయ్ ప్రాంతంలో మేయోన్ అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 2,462 మీటర్లు, ఏ వైపు నుంచి చూసినా నిటారైన శంఖాకారం. 1814లో అది పేలినప్పుడు కాగ్సావా అనే ఊరు పూర్తిగా పూడిపోయింది. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ ఊరి చర్చి గంట గోపురం ఒక్కటే ఇప్పటికీ నేల మీద నిలబడి ఉంది. న్యూహాల్ ఆ మేయోన్ లావాల మీదే పరిశోధన చేశాడు. అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. తర్వాత అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరాడు. కొండ పక్కన కాపురం ఉండేవాళ్లు దాన్ని ఎలా చూస్తారో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఆయన జీవితంలో తర్వాత జరిగినదంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడిందని నా నమ్మకం.

శాస్త్రలోకానికి ఆయన పేరు పరిచయమైంది ఒక కొలమానంతో. 1982లో స్టీఫెన్ సెల్ఫ్‌తో కలిసి అగ్నిపర్వత విస్ఫోటన సూచికను ప్రతిపాదించాడు. సున్నా నుంచి ఎనిమిది దాకా అంకెలు. ఎంత పదార్థం బయటపడింది, బూడిద మేఘం ఎంత ఎత్తుకు లేచింది అనేవి చూసి అంకె వేస్తారు. పై మెట్లలో ఒక్కో అంకె పెరిగితే పేలుడు సుమారు పదింతలవుతుంది. 1980లో అమెరికాలో సెయింట్ హెలెన్స్ పేలుడుకు 5 వేశారు. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా పేలుడుకు 8. ఆ తోబా బూడిద సముద్రం దాటి మన దాకా వచ్చింది. పాత కర్నూలు జిల్లా జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో అది తెల్లటి పొరగా బయటపడుతుంది. కొన్నిచోట్ల పొర మందం రెండు మీటర్లకు పైనే. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం ఆ పొర కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు తవ్వితీసి, 2007లో ప్రపంచానికి చెప్పింది. అంతకు ముందు నుంచీ ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడుల తయారీకి అమ్ముతూ వచ్చారు. వేల కిలోమీటర్ల అవతల పేలిన కొండ మన రాయలసీమ లోయలో ఇంత మందాన పడి ఉందంటే, ఎనిమిది అనే అంకె బరువు ఎంతో అర్థమవుతుంది.

కొలమానాలు జరిగిపోయినవాటికి పనికొస్తాయి. జరగబోయేదాని సంగతి వేరు. 1988లో న్యూహాల్, డేనియల్ జూరిసిన్ కలిసి ప్రపంచంలోని పెద్ద అగ్నిపర్వత గుంతలు చరిత్రలో ఎప్పుడెప్పుడు అలజడి చూపించాయో కూడగట్టి పెద్ద గ్రంథం తెచ్చారు. భూమి కంపించడం, నేల ఉబ్బడం, ఆవిర్లు పెరగడం లాంటివన్నీ అందులో నమోదయ్యాయి. వాటిని చదివితే స్పష్టంగా కనపడేది ఒకటే: అలజడి తరచూ వస్తుంది, అందులో చాలావరకు పేలుడు లేకుండానే సద్దుమణుగుతుంది. హెచ్చరించేవాడికి ఇంతకంటే ఇబ్బందికరమైన నిజం లేదు. 1976లో కరీబియన్ సముద్రంలోని గ్వాడలూప్ దీవిలో లా సూఫ్రియేర్ కొండ బుసలు కొడితే 70 వేల మందికి పైగా నెలల తరబడి ఇళ్లు వదిలి ఉన్నారు. పెద్ద పేలుడు రాలేదు. ఈలోగా శాస్త్రవేత్తలు పత్రికలకెక్కి ఒకరినొకరు తప్పుబట్టుకున్నారు. జనానికి శాస్త్రం మీదే విసుగొచ్చింది. చెప్పకపోతే ఆర్మెరో, తొందరపడి చెబితే గ్వాడలూప్. 1986లో అమెరికా ప్రభుత్వం ఇతర దేశాల అగ్నిపర్వతాల దగ్గరికి సాయం వెళ్లేందుకు ఒక చిన్న బృందాన్ని ఏర్పాటు చేసినప్పుడు ఈ రెండు అనుభవాలూ దాని ముందున్నాయి.

1991 ఏప్రిల్ 2న లూజాన్ దీవిలో పినటుబో అనే కొండ మీద వరసగా ఆవిరి పేలుళ్లు జరిగాయి. ఒకటిన్నర కిలోమీటరు పొడవున నేల నోళ్లు తెరిచింది. అంతవరకు అది అడవి కప్పిన మామూలు కొండ. అయిదు వందల ఏళ్లుగా పేలలేదు. వాలుల్లో వేల మంది ఆయేటా ఆదివాసులు అడవి మీద, పోడు మీద బతుకుతున్నారు. కింద మైదానంలో, చుట్టుపక్కల అంతా కలిపి పది లక్షల మంది దాకా ఉంటారు. తూర్పున సుమారు 25 కిలోమీటర్ల దూరంలో అమెరికా వాళ్ల క్లార్క్ వైమానిక స్థావరం. ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత, భూకంప సంస్థ డైరెక్టర్ రేముండో పునోంగ్‌బయాన్ తన మనుషుల్ని పంపి భూకంప పరికరాలు పెట్టించాడు. న్యూహాల్‌కు కబురు చేశాడు. ఇద్దరికీ ఎప్పటినుంచో పరిచయం. అపరిచితుల మధ్య ఇలాంటి కష్టకాలంలో సగం రోజులు ఎవరి మాట చెల్లాలో తేల్చుకోవడంలోనే గడిచిపోతాయి. ఇక్కడ ఆ అవసరం పడలేదు. ఏప్రిల్ నెలాఖరుకల్లా అమెరికా బృందం పరికరాల పెట్టెలతో క్లార్క్‌లో దిగింది. జనానికి ఏ మాటైనా చెప్పే అధికారం మాత్రం పునోంగ్‌బయాన్ సంస్థదే. ఇది పైకి చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది. బయటి దేశం వాళ్లొచ్చి స్థానిక శాస్త్రవేత్తల మాట తోసేసి మాట్లాడితే, తర్వాత ఆ స్థానికుల మాట ఊళ్లో ఎవరూ వినరు. ఈ సంగతి ఆ బృందానికి బాగా తెలుసు.

పినటుబో గురించి దాదాపు ఏమీ తెలియదు. అందుకని వాగుల గట్లు గోకారు. పాత పేలుళ్ల పొరల్లో కాలి బొగ్గయిన చెట్ల ముక్కలు ఏరి కాలనిర్ణయానికి పంపారు. సుమారు 500, 3,000, 5,500 ఏళ్ల కిందట పెద్ద పేలుళ్లు జరిగాయని తేలింది. అప్పటి ప్రవాహాలు ఎంత దూరం పారాయో నేల మీదే ఆనవాలు దొరికింది. అంటే ఈ కొండకు చిన్నగా పేలే అలవాటు లేదు. చాలాకాలం ఊరుకుంటుంది, లేస్తే ఒక్కసారే లేస్తుంది. ఆ పాత ప్రవాహాల హద్దుల్నే పటం మీద గీశారు.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. అగ్నిపర్వతం అనగానే అందరి మనసులో మెదిలేది ఎర్రగా మెల్లగా పారే లావా. లావా నుంచి నడిచి తప్పించుకోవచ్చు. పినటుబో నుంచి రాబోయేది అది కాదు. పైరోక్లాస్టిక్ ప్రవాహం అంటే వందల డిగ్రీల వేడి గ్యాస్, బూడిద, రాళ్లు కలిసిన మేఘం నేలను అంటుకుని కారుకంటే వేగంగా దూసుకురావడం. దాని ముందు పరుగెత్తి బతికిన మనిషి లేడు. దీన్ని మైకులో ఎంత వివరించినా, ఎప్పుడూ చూడని రైతుకు, మేయరుకు, సైన్యాధికారికి కూడా కళ్లముందు బొమ్మ కట్టదు.

ఆ బొమ్మ ఫ్రాన్సు నుంచి వచ్చింది. మారిస్, కాటియా క్రాఫ్ట్ దంపతులు ఆల్సాస్ ప్రాంతం వాళ్లు. ఒకరు భూగర్భ శాస్త్రం, ఒకరు రసాయన శాస్త్రం చదివారు. పెళ్లయిన నాటి నుంచి ప్రపంచంలో ఏ కొండ పేలుతున్నా అక్కడికి వెళ్లి దగ్గర్నుంచి చిత్రీకరించడమే జీవితంగా పెట్టుకున్నారు. ఆర్మెరో వాళ్లను కలచివేసింది. అన్నేళ్లుగా కూడబెట్టిన దృశ్యాల్లోంచి, జనాన్ని చంపేవి ఏవో ఒక్కొక్కటిగా చూపే వీడియో తయారుచేయడం మొదలుపెట్టారు. కొండ మీద నుంచి పైరోక్లాస్టిక్ ప్రవాహం దిగడం, ఊళ్లలోకి బురద పారడం, బూడిద బరువుకు కప్పులు కూలడం అన్నీ అందులో ఉన్నాయి. పూర్తి కాకముందే ఒక ప్రతి లూజాన్ చేరింది. బడుల్లో, చర్చిల్లో, మున్సిపల్ హాళ్లలో, సైనిక స్థావరంలో టీవీలు పెట్టి వేశారు. చూసినవాళ్లలో కొందరికి కోపమొచ్చింది. జనాన్ని భయపెడుతున్నారన్నారు. శాస్త్రవేత్తలు వెనక్కి తగ్గలేదు. వాళ్లు చూపించినదాంట్లో ఒక్క దృశ్యమూ కల్పితం కాదు.

అనుమానాలు మాత్రం బోలెడు. స్థావరాల ఒప్పందం ఆ ఏడాదే ముగియాల్సి ఉంది కాబట్టి ఇదంతా అమెరికా నాటకమని కొందరనుకున్నారు. అంతకు ముందు కొండ మీద భూగర్భంలోని వేడిని వాడుకోవడానికి బోర్లు వేశారు. అందుకే కొండలో ఉండే దేవుడు ఆపో నమల్యారికి ఆగ్రహం వచ్చిందని ఆయేటాలు చెప్పుకున్నారు. ఇళ్లు, స్థలాలు అమ్ముకునేవాళ్లకు ధరలు పడిపోతాయని దిగులు. వీళ్లెవరినీ మూర్ఖులుగా చూడకపోవడమే న్యూహాల్ బృందం సాధించిన పెద్ద సంగతి. ఇల్లు, పశువులు, పంట వదిలి రమ్మంటున్నప్పుడు ఎదుటి మనిషి ప్రశ్నలడగడం అతని హక్కు.

మే నెల మధ్యలో అయిదు మెట్ల హెచ్చరిక పద్ధతి ప్రకటించారు. ఒకటి అంటే కొద్దిపాటి అలజడి. మూడు అంటే రెండు వారాల్లోపు పేలవచ్చు. నాలుగు అంటే 24 గంటల్లో పేలవచ్చు. అయిదు అంటే పేలుతోంది. సాంకేతిక పదాల జోలికి పోకుండా రోజులతో, గంటలతో చెప్పడం అధికారులకు ఉపయోగపడింది, ఎందుకంటే బస్సులు ఎప్పుడు తెప్పించాలో వాళ్లకు ఇప్పుడు తెలుసు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు. కొండ కాస్త శాంతించినట్టు కనిపించినా వెంటనే మెట్టు దించకూడదు, కొన్ని రోజులు ఆగి చూడాలి. తుఫాను ముందు గాలి నిలిచిపోవడం ఆ దీవుల వాళ్లకు కొత్తేమీ కాదు.

ఆ నియమం ఎంత అవసరమో మే చివర్లో తేలింది. కొండ నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌ను, అది సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను ఎంత మింగేస్తుందో చూసి, గాల్లోంచి కొలిచేవారు. మే 13న రోజుకు 500 టన్నులు. మే 28కి 5,000 టన్నులు దాటింది. కింది నుంచి కొత్త శిలాద్రవం పైకొస్తోందనడానికి ఇంతకంటే గట్టి ఆధారం ఉండదు. తర్వాత ఉన్నట్టుండి గ్యాస్ పడిపోయింది. కొన్ని వందల టన్నులే మిగిలింది. ప్రమాదం తప్పిందని సంతోషించాలా? వంటింట్లో కుక్కర్ ఆవిరి గొట్టంలో పప్పు అడ్డంపడి విజిల్ ఆగిపోయిందనుకోండి, అనుభవమున్న ఇల్లాలు స్టవ్ దగ్గరికి పోదు, పిల్లల్ని వంటింట్లోంచి బయటికి పంపుతుంది. శాస్త్రవేత్తలూ అలాగే చదివారు: దారి మూసుకుపోయింది, లోపల ఒత్తిడి పెరుగుతోంది. భూకంపాలు కూడా ఇదే చెబుతున్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్ నుంచి కబురొచ్చింది. జూన్ 3న ఉంజెన్ అగ్నిపర్వతం మీద పైరోక్లాస్టిక్ ప్రవాహం ముందెప్పుడూ రానంత దూరం దూసుకొచ్చింది. పాత్రికేయులు, అగ్నిమాపక సిబ్బంది, టాక్సీ డ్రైవర్లు సహా 43 మంది చనిపోయారు. వాళ్లలో మారిస్, కాటియా ఉన్నారు. వాళ్లతో పాటు అమెరికన్ శాస్త్రవేత్త హ్యారీ గ్లికెన్ కూడా. 1980లో సెయింట్ హెలెన్స్ పేలినరోజు కాపలా కేంద్రంలో ఉండాల్సిన గ్లికెన్ స్థానంలో డేవిడ్ జాన్స్టన్ ఉండి ప్రాణం పోగొట్టుకున్నాడు. తీసినవాళ్లు లేకుండా పోయాక కూడా ఆ వీడియో లూజాన్ ఊళ్లలో ఆడుతూనే ఉంది.

జూన్ 5న మూడో మెట్టు, 7న నాలుగు, 9న అయిదు. 10వ తేదీన క్లార్క్ స్థావరం నుంచి 14 వేల మందికి పైగా కార్ల వరసలో సూబిక్ నౌకా స్థావరం వైపు బయల్దేరారు. వాలుల్లోని ఆయేటాలను, ఆ తర్వాత కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మొదట 10 కిలోమీటర్లు, తర్వాత 20, ఆపై 30, చివరికి 40. జూన్ 12 ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య దినం. ఆ ఉదయం 8 గంటల 51 నిమిషాలకు బూడిద స్తంభం ఆకాశానికి లేచింది. అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా మూటలు కట్టారు. 15వ తేదీ మధ్యాహ్నం అసలు పేలుడు వచ్చింది. అదే రోజు యున్యా అనే తుఫాను లూజాన్ దాటుతోంది. కొండ చుట్టూ ఉన్న భూకంప పరికరాలు ఒక్కొక్కటిగా మూగబోయాయి. శాస్త్రవేత్తలు కూడా స్థావరం వదిలి అరయత్ కొండ పక్కనున్న వ్యవసాయ కళాశాలకు వెళ్లిపోయారు. బూడిద మేఘం 35 కిలోమీటర్ల పైకి లేచింది. 1,745 మీటర్ల కొండ శిఖరం కూలిపోయి, అక్కడ రెండున్నర కిలోమీటర్ల వెడల్పున గుంత మిగిలింది. వాతావరణంలోకి చేరిన సల్ఫర్ డయాక్సైడ్ దాదాపు రెండు కోట్ల టన్నులు. ఆ మరుసటి ఏడాది భూగోళం సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ దాకా తగ్గింది. న్యూహాల్ సూచికలో దీనికి 6 వేశారు.

ఈ హెచ్చరిక కనీసం 5,000 మంది ప్రాణాలు కాపాడిందని అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ అంచనా. అయినా చనిపోయినవాళ్ల సంఖ్య 800 దాటింది, అదెలా జరిగిందో చెప్పకుండా ఈ కథ చెప్పకూడదు. తుఫాను వానకు తడిసిన బూడిద బరువెక్కి కప్పులు కూలాయి. ఆ కప్పుల కింద నలిగి మూడు వందల మంది దాకా పోయారు. తర్వాతి నెలల్లో పునరావాస శిబిరాల్లో తట్టు, విరేచనాలు, న్యుమోనియా ఆయేటా పిల్లల్ని బలితీసుకున్నాయి. కొండ నుంచి కాపాడి తెచ్చిన పిల్లలు గుడారాల్లో పోయారు. ఊరు ఖాళీ చేయించడంతో పని అయిపోదు. ఎక్కడికి తీసుకెళ్తున్నాం, అక్కడ టీకాలు, మంచినీళ్లు ఉన్నాయా అన్నది కూడా హెచ్చరికలో భాగమే.

కొండ శాంతించాక బురద మొదలైంది. ప్రతి వానాకాలం వదులు బూడిద నదుల్లోకి దిగి లహార్లుగా, అంటే బురద వరదలుగా పారింది. మిట్టల మీద వైర్‌లెస్ సెట్లతో కాపలా కాసినవాళ్లు, నేల అదురును పట్టే చిన్న పరికరాల సాయంతో పల్లపు ఊళ్లకు ముందుగా కబురు చేసేవారు. గట్లు ఎంత ఎత్తున, ఎక్కడ కట్టాలనే దాని మీద ఏళ్ల తరబడి గొడవ నడిచింది. గట్లను నమ్ముకుని కింద ఇళ్లు కట్టుకోవద్దని కెల్విన్ రొడాల్ఫో అనే భూగర్భ శాస్త్రవేత్త పదే పదే బహిరంగంగా చెప్పాడు. 1995 అక్టోబరు 1న బకొలోర్ పట్నాన్ని లహార్ ముంచి వందల మందిని చంపింది. అక్కడి శాన్ గిలెర్మో చర్చి సగం ఎత్తు దాకా పూడిపోయింది. ఒకప్పటి కిటికీలే ఇప్పుడు దానికి తలుపులు.

పినటుబో విజయాన్ని మాత్రమే చెప్పుకునే పుస్తకాలు ఒక సంగతి వదిలేస్తుంటాయి. 1993 ఫిబ్రవరి 2న, న్యూహాల్‌కు అన్ని కొండల్లోకీ ఆత్మీయమైన మేయోన్ ఉన్నట్టుండి పేలింది. చెప్పుకోదగ్గ ముందస్తు సూచన లేదు. వాలు మీద పొలాల్లో పనిచేసుకుంటున్న 70 మందికి పైగా రైతులు పైరోక్లాస్టిక్ ప్రవాహంలో చనిపోయారు. పినటుబో నెలల ముందు నుంచే అదిరింది, గ్యాస్ వదిలింది, చెప్పగలిగినంత చెప్పింది. అన్ని కొండలూ అలా చెప్పవు. తర్వాతి దశాబ్దాల్లో న్యూహాల్ పని అంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది. రిక్ హోబ్లిట్‌తో కలిసి సంభావ్యతల చెట్టు పద్ధతిని తీర్చిదిద్దాడు. అలజడి నుంచి పేలుడు దాకా ఒక్కో కొమ్మ, ఒక్కో కొమ్మకు ఎంత అవకాశమో ఒక అంకె. ‘తెలియదు’ అనే మాటనే లెక్కగా మార్చి కలెక్టరు ముందు పెట్టే మార్గమిది. పునోంగ్‌బయాన్‌తో కలిసి పినటుబో మీద 1996లో వెయ్యి పేజీలకు పైబడిన గ్రంథం వెలువరించాడు. తర్వాత సింగపూర్ వెళ్లి, అలజడి రికార్డులన్నీ ఒకచోట పెట్టే అంతర్జాతీయ సమాచార నిధికి పునాది వేసినవాళ్లలో ఒకడయ్యాడు. కొత్త కొండ కదిలినప్పుడు ఇలాంటి లక్షణాలే చూపిన పాత కొండలు చివరికి ఏం చేశాయో వెతుక్కోవడానికి అది. పునోంగ్‌బయాన్ 2005 ఏప్రిల్‌లో కొండచరియల ముప్పు చూసేందుకు వెళ్తూ హెలికాప్టర్ కూలి చనిపోయాడు. న్యూహాల్ ఉద్యోగ జీవితం ముగిశాక అల్బాయ్‌లోనే, మేయోన్ కనిపించే చోట స్థిరపడ్డాడు.

మేయోన్ చుట్టూ ఆరు కిలోమీటర్ల మేర శాశ్వత ప్రమాద మండలం. బూడిద పడిన నేల సారవంతం కాబట్టి రైతులు అందులోకి వెళ్లి కొబ్బరి, కూరగాయలు, అబాకా నార పండిస్తూనే ఉన్నారు. 1993 తర్వాత అల్బాయ్ ప్రభుత్వం విపత్తుల కోసమే ఒక శాశ్వత కార్యాలయం పెట్టుకుంది. ఏ ఊరివాళ్లు ఏ బడికి చేరాలో, ఏ లారీ ఎక్కడికి రావాలో కొండ నిద్రలో ఉన్నప్పుడే రాసి పెట్టుకుంటారు. 2023 జూన్‌లో శిఖరం నుంచి మళ్లీ లావా జారడం మొదలైనప్పుడు దాదాపు 20 వేల మందిని ఆ మండలం నుంచి బయటికి తెచ్చి బడుల్లో ఉంచారు.